కుక్రీయు మన కొడవలియు

గోదావరి తీరమునుండి నేపాల యాత్రకు పోయి వచ్చినవారి పెట్టెలలో మూడు వస్తువులు తరచుగా కనబడును. ఒకటి గండకీ నదిలోని సాలగ్రామము. రెండవది రుద్రాక్షమాల. మూడవది వంకర తిరిగిన కత్తి. పశుపతినాథుని దర్శించుటకు పోయినవారును, 108 దివ్యదేశములలో ఒకటియైన ముక్తినాథమునకు పోయినవారును ఖాట్మండు అంగడులలో దీనిని చూచి, ముచ్చటపడి కొని తెత్తురు. నేపాలీయులు దీనిని ఖుకురీ అందురు. మన నోట అది కుక్రీ అయినది.

సాలగ్రామము పూజామందిరము చేరును. రుద్రాక్షమాల మెడను చేరును. కుక్రీ మాత్రము గోడమేకుకు వ్రేలాడును. లేదా ఒకనాడు తోటలోనికి పోవును. గోడమీద ఉన్నంతకాలము దానితో పేచీ లేదు. తోటలోనికి పోయిన నాడే ప్రశ్నలు పుట్టును. ఇది ఏ పనికి తగినది? ఎట్టిదానిని ఎంచుకొనవలెను? ఎట్లు పట్టి వాడవలెను? మన కమ్మరి చేసిన కత్తులు ఉండగా దీని అవసరమేమి? ఈ ప్రసంగములో ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్ప ప్రయత్నింతుము.

మన పట్టణవాసులకు కుక్రీ అనగానే గూర్ఖా జ్ఞాపకమునకు వచ్చును. రాత్రివేళ ఈల ఊదుచు, చేతికర్రతో నేల తట్టుచు వీధి కాచి, నెల తిరుగగానే ఇంటింట నాలుగు రూపాయలు పుచ్చుకొను నేపాల కావలివాడు మన ఊళ్ళకు కొత్తవాడు కాడు. ఆంగ్లేయులకు ఈ కత్తితో గట్టి పరిచయము 1814–1816 నాటి నేపాల యుద్ధములో కలిగినది. 1815 నుండి వారు గూర్ఖాలను తమ సైన్యములో చేర్చుకొనిరి. అప్పటినుండి కుక్రీ యుద్ధచిహ్నముగా లోకమంతట ప్రసిద్ధికెక్కినది. ఒరనుండి తీసిన కుక్రీ రక్తము చూడనిదే మరల ఒర చేరరాదను మాట ఆ ప్రసిద్ధి వెంట ప్రచారమైన కట్టుకథ. నేపాలు కొండపల్లెలలో అది ఇంటి కత్తి. కట్టెలు చీల్చుటకును, పశువుల మేతకు కొమ్మలు కొట్టుటకును, వెదురు నరుకుటకును, వంటయింటిలో మాంసము కోయుటకును దానినే వాడుదురు. గూర్ఖా రాజ్యమును 1559లో చేపట్టిన ద్రవ్య షా దని చెప్పబడు కుక్రీ ఒకటి ఖాట్మండులోని జాతీయ ప్రదర్శనశాలలో కలదు. రాజు నడుమున ఉన్న ఆకారమే రైతు నడుమునను ఉన్నది. పనిలో పుట్టిన ఆకారము గనుకనే అట్లు నిలిచినది.

ఆ ఆకారమును కొంచెము పరికింతము. కుక్రీ పిడినుండి కొంతదూరము తిన్నగా పోయి, నడుమ క్రిందికి వంగును. వంగిన తరువాతి భాగము వెడల్పై పొట్టవలె ఉబ్బియుండును. బరువంతయు ఆ పొట్టలోనే చేరును. అందుచేత చేయి విసరినప్పుడు కత్తి ముందునకు తూగి, దెబ్బ గొడ్డలి దెబ్బవలె బలముగా పడును. వంపు కారణముగా వాదర కొమ్మకు అడ్డముగా గాక ఏటవాలుగా తగులును. తగిలి, కొంచెము జారుచు కోయును. గొడ్డలికి బలమున్నది గాని కోత లేదు. చాకునకు కోత ఉన్నది గాని బలము లేదు. కుక్రీలో రెండును కొంతకొంత ఉన్నవి. వాడుక కుక్రీలలో చాలవాటికి 10 నుండి 12 అంగుళముల అలుగు ఉండును. దాని వెన్ను మన వంటకత్తి వెన్నుకంటె ఎన్నోరెట్లు మందము. పిడికి చేరువలో అలుగునకు చిన్న గంటు ఒకటి ఉండును. దాని అర్థమును గూర్చి పలువురు పలువిధములుగా చెప్పుదురు. సానపట్టువానికి మాత్రము వాదర ఎక్కడ మొదలగునో అది గుర్తుగా నిలుచును.

ఇక మన కత్తులు. గోదావరి డెల్టాలో వంపులేని పనిముట్టు అరుదు. వరి కోయు కొడవలి వంపు లోపలికి తిరిగియుండును. ఎడమచేత దుబ్బును పట్టి, కుడిచేత కొడవలిని తమవైపునకు లాగినప్పుడు ఆ వంపు మొక్కలను జారిపోనీయక ఒక్కచోట చేర్చి కోయును. అంచునకు కక్కు పెట్టుటయు అందుకొరకే. తాడిచెట్టుపై గీతపనివాని కత్తి వెడల్పు, పలుచన. గెల కొసను పొరపొరగా చెక్కవలెను గాని నరుకరాదు. కనుక దానికి బరువు కంటె వాదర ముఖ్యము. కోనసీమలో కొబ్బరి దింపు పనివాడు ఒకచేత చెట్టును పట్టుకొని, రెండవచేత గెల కాడను తెగవేయవలెను, ఎండుమట్టను కొట్టవలెను, మొవ్వు గాయపడకుండ శుభ్రము చేయవలెను. అతని కత్తి చేతికి తేలికగా ఉండి, కాడను పట్టి లాగుటకు అనువుగా వంగియుండును. వీధిప్రక్కన బొండాలు కొట్టువాని కత్తికి బరువు కావలెను. రెండు మూడు వ్రేటులలో పని కావలెను. ఇంటి వెనుక మొద్దుమీద పెట్టి నరుకు మచ్చుకత్తి అన్నిటికంటె మోటు. మారేడుమిల్లి, రంపచోడవరము మన్యములలో కొండరెడ్లు వెదురు కొట్టి, చీల్చి, బుట్టలల్లు పనిలో వాడు కత్తి వీటన్నిటికిని వేరు.

వీనినన్నిటిని ఒకచోట పెట్టి చూచినచో ఒక సంగతి తేటపడును. లాగి కోయు పనికి లోవంపు. చెక్కు పనికి పలుచన. విసరి నరుకు పనికి ముందుబరువు. ఏ వంపును అందమునకు పుట్టలేదు. కాబట్టి కత్తి కొనువాడు అంగడికి పోవుటకు ముందు తన తోటను చూచుకొనవలెను. తాను ఏమి కోయును, ఏమి నరుకును, ఎంతసేపు నరుకును అను లెక్క తేలిన తరువాతనే కత్తి మాట.

కుక్రీ మన తోటలలో ఏ పనులకు తగును? చేతిమణికట్టు లావువరకు గల కొమ్మలు కొట్టుటకును, సరుగుడు కట్టె, వెదురు నరుకుటకును, నేల పడిన కొబ్బరిమట్టలు ముక్కలు చేయుటకును, దడికి గుంజలు చెక్కి మొన పెట్టుటకును అది మిక్కిలి అనుకూలము. వరికోతకు అది పనికిరాదు. గీతకు పనికిరాదు. కొబ్బరికాయ ఒలుచుటకు మన గునపమే సాటిలేనిది. కుక్రీ మొనను డొక్కలో గ్రుచ్చి మెలిపెట్టినచో మొన విరుగుటో, చేయి తెగుటో తప్పదు. ఎత్తు చెట్టెక్కి దానిని వాడుటయు మంచిది కాదు. దింపు పనివాడు తన కత్తితో ఏండ్లతరబడి చేయి కుదుర్చుకొన్నవాడు. ముందుబరువుగల కొత్తకత్తి చెట్టుపైన అతని చేతిని మోసగించును.

తుపాను మరునాటి పనిని వేరుగా చెప్పవలసియున్నది. 1996 నవంబరు 6న వచ్చిన తుపానులో కోనసీమ కొబ్బరితోటలు ఎట్లు కూలినవో చూచినవారు నేటికిని మరువలేదు. అట్టి సమయమున దారులు విడిపించుటకు ప్రతి ఇంటినుండి కత్తులు బయటికి వచ్చును. ప్రమాదములును అప్పుడే ఎక్కువ. పడిన మట్టల నడుమ కరెంటుతీగ ఉండవచ్చును. కరెంటు ఆగినదని రూఢిగా తెలియనిదే పచ్చిమట్టపైన కత్తి వేయరాదు. వంగి బిగిసియున్న కొమ్మను వెలివంపువైపు నిలిచి నరుకరాదు. తెగిన క్షణమున అది విల్లువలె ఎగిరి కొట్టును. ప్రక్కన నిలిచి, బిగువును కొద్దికొద్దిగా సడలించుచు నరుకవలెను.

ఎట్టి కుక్రీని కొనవలెనను ప్రశ్నకు వత్తము. అంగడిలో రెండు జాతులు ఉండును. ఒకటి చూచుటకు, ఒకటి వాడుటకు. అద్దమువలె మెరయు పలుచని అలుగు, సింహముఖపు పిడి, నిండుగా చెక్కడపు పని, ఒరకు ఇత్తడి తొడుగులు, ఇవి చాలవరకు మొదటి జాతి లక్షణములు. దానితో వెదురు నరికినచో వాదర మడతపడును, పిడి ఊడును. వాడుకత్తి చూపునకు మోటుగా ఉండును. నేపాలులో భోజపురము, ధరాను ప్రాంతములు ఈ పనికి పేరెన్నికగన్నవి. అక్కడి లోహకారులును తమ్ము విశ్వకర్మ సంతతిగానే చెప్పుకొందురు. వారు ఎక్కువగా వాడునది పాతలారీల కమాను పట్టీల ఉక్కు. అలుగును కాచిన తరువాత మొత్తముగా నీట ముంచక, కెటిలు మూతినుండి సన్నని ధారగా నీటిని వాదర వెంబడి పోయుదురు. అందుచేత వాదర గట్టిపడును. వెన్ను కొంత మెత్తగా నిలిచి దెబ్బను ఓర్చుకొనును. దీనిని పరీక్షించుట కష్టము కాదు. అంగడివాని అనుమతితో సన్నని ఆకురాయిని పొట్టదగ్గరి వాదరపై మెల్లగా రాచిన జారవలెను. వెన్నుపై రాచిన పట్టవలెను. రెండుచోట్లను ఒకే విధముగా పట్టినచో ఆ కత్తికి పదును సరిగా పెట్టలేదన్నమాట.

పిడిని అంతకంటె శ్రద్ధగా చూడవలెను. అలుగు తోక పిడిలోనికి ఎంత దిగినదో అడుగవలెను. పిడి చివరివరకు పోయి, అక్కడ రేకుపైన చితుకగొట్టి బిగించినది గాని, పిడి వెడల్పంతయు పరచుకొని మేకులతో బిగించినది గాని నమ్మదగినది. కొన్నిటిలో తోకను లక్కవంటి జిగురుతో మాత్రమే అతికింతురు. మన వేసవి యెండలో ఆ జిగురు మెత్తబడి పిడి కదలును. కొమ్ముపిడి అందముగా ఉండును గాని చెమటచేతిలో జారును, ఎండకు బీటలు తీయును, పురుగు తినును. మన ఉక్కపోతకు కర్రపిడియే మేలు. పిడిని పిడికిట పట్టి చూడవలెను. చిటికెనవ్రేలు ఇరుకుపడినచో ఆ కత్తి ఎంత మంచిదైనను మనది కాదు. అలుగు 10 అంగుళములకు మించనిది తోటపనికి చాలును. పెద్దకత్తి రెండు గడియల పనిలో మణికట్టును అలసజేయును. అలసిన చేతికి గురి తప్పును.

కత్తితోపాటు ఒరలో రెండు చిన్నకత్తులు వచ్చును. ఒకటి కర్ద, చిన్న కోతలకు. రెండవది చక్మక్, దానికి వాదర ఉండదు. పెద్దకత్తి వాదర కొంచెము ఒరిగినప్పుడు దానితో రాచి సరిచేసికొందురు. చెకుముకిరాతిపై కొట్టి నిప్పు పుట్టించుటకును వాడుదురు.

కొనుటకు ముందు చట్టము సంగతియు తెలిసికొనవలెను. మన దేశములో 1959 నాటి ఆయుధముల చట్టమును, 2016 నాటి ఆయుధ నిబంధనలును వీనికి వర్తించును. అలుగు 9 అంగుళములకు మించిన పొడవుగాని, 2 అంగుళములకు మించిన వెడల్పుగాని గల కత్తులు ఆ నిబంధనల పట్టికలో చేరినవి. కుక్రీ అందులో పేరుతోనే ఉన్నది. గృహకృత్యములకును, వ్యవసాయమునకును, శాస్త్ర పారిశ్రామిక అవసరములకును చేయబడిన పనిముట్లకు మినహాయింపు కలదు. చట్టములోని 4వ సెక్షను ప్రకారము, కేంద్రప్రభుత్వము ప్రకటన చేసిన ప్రాంతములలో పట్టికలోని ఆయుధములకు లైసెన్సు కావలెను. కాబట్టి పెద్ద కుక్రీని తెచ్చుకొనువారు తమ పోలీసుస్టేషనులో ముందుగా విచారించుకొనుట వివేకము. తోటకు తీసికొనిపోవునప్పుడు గుడ్డచుట్టి సంచిలో పెట్టవలెను. సంతకును, తీర్థమునకును నడుమున ధరించి పోరాదు. విమానములో చేతిసంచిలో దానిని పోనీయరు. సామానుపెట్టెలో పెట్టి అప్పగింపవలెను.

ఇక వాడుక. మొదటి జాగ్రత్త ఒరదగ్గరనే మొదలగును. కుక్రీ ఒర రెండు చెక్కపలకలపై తోలు చుట్టి చేసినది. కాలము గడచినకొద్ది వాదరవైపు అతుకు విడును. ఒరను గుప్పిట చుట్టి పట్టి కత్తి లాగినచో వాదర అతుకులోనుండి బయటపడి వ్రేళ్ళను కోయును. చేయి ఎప్పుడును వెన్నువైపుననే ఉండవలెను. నరుకునప్పుడు కత్తి తప్పిపోయినచో అది ఎక్కడికి పోవునో ముందే చూచుకొనవలెను. అది పోవు దారిలో మన మోకాలుగాని, ఎడమచేయిగాని ఉండరాదు. కొమ్మను పట్టుకొన్న చేతికిని దెబ్బ పడుచోటికిని కనీసము మూర దూరము ఉండవలెను. ప్రక్కమనిషి కత్తిచాచిన చేతికి అందని దూరమున నిలువవలెను. అడ్డముగా గాక ఏటవాలుగా నరుకవలెను. పిడిదగ్గరి భాగముతో గాక పొట్టతో కొట్టవలెను. వాన కురియుచుండగా, చేతికి బురద అంటియుండగా, కల్లు త్రాగియుండగా కత్తి ముట్టరాదు.

తెగిన గాయమును చిన్నదని ఉపేక్షింపరాదు. మన పొలములు పేడ, బురద కలసిన నేలలు. ధనుర్వాతము అట్టి మట్టినుండియే వచ్చును. గాయమును ధారనీటిలో సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, వైద్యుని కడకు పోయి ధనుర్వాతపు టీకా అవసరమేమో అడుగవలెను. పసుపు, సున్నము, బూడిద అద్దుట పాతవాడుకయే గాని క్షేమకరము కాదు. రక్తము అదుముటకు ఆగనిచోను, వ్రేలు కదలనిచోను ఆలస్యము అసలే కూడదు.

డెల్టా గాలిలో తేమ ఎక్కువ. అంతర్వేది, ఉప్పాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పును కలియును. అరటిపాలు, కొబ్బరినీరు అంటిన అలుగు రాత్రికి రాత్రి మచ్చపడును. పని ముగియగానే కడిగి, తుడిచి, పలుచగా మిషను నూనెయో ఆముదమో రాయవలెను. తోలు తేమను పట్టియుంచును గనుక నెలలతరబడి ఒరలోనే ఉంచరాదు. నూనెగుడ్డలో చుట్టి పిల్లలకు అందనిచోట పెట్టవలెను. నూరునప్పుడు కొడవలికివలెనే, కత్తిని రాతిపై నడుపక, రాతిని కత్తిపై నడుపవలెను. అప్పుడే వంపు చెడదు. కరెంటు సానపై ఎర్రగా కాగనిచ్చినచో అలుగులోని పదును పోవును. అట్టి కత్తి ఎంత నూరినను నిలువదు.

మిగిలిన ప్రశ్న కమ్మరిని గూర్చినది. లోహవిద్యలో తెలుగువాడు ఎవ్వరికిని తీసిపోలేదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో చేసిన ఉక్కును పారశీక వర్తకులు కొనిపోయి ప్రసిద్ధమైన ఖడ్గములు చేయించిరి. మన డెల్టాలోని కమ్మరికొలిమిలో నేడు కాగునదియు నేపాలులో కాగునట్టి కమాను పట్టీయే. అక్కడి కత్తికి లోకమంతట అంగడి దొరకినది. ఇక్కడి కత్తికి ఉన్న అంగడి తగ్గుచున్నది. ఒకప్పుడు కమ్మరి ఏడాదిపొడుగున నాగటికర్రు సాగగొట్టి, కొడవళ్ళకు కక్కు పెట్టి, పంటనాడు కళ్ళములో మేర పుచ్చుకొనెడివాడు. ట్రాక్టరు నాగలిని, కోతయంత్రము కొడవలిని వెనుకకు నెట్టినవి. మేరయు పోయినది. కొలిమి ఆరినచో పోవునది ఒక కుటుంబపు జీవనము మాత్రము కాదు. మన చేయి కొలత, మన చెట్టు కొలత తెలిసి కత్తి చేయగల నేర్పు పోవును. దింపు పనివాడు చెట్టుదిగి వచ్చి, ఈ వంపు కొంచెము తగ్గించుమని చెప్పినచో మరునాటికి తగ్గించి ఇయ్యగలవాడు ఊరిలో ఉండుట చిన్నసంగతి కాదు. చెట్టుపైన అతని ప్రాణము ఆ వంపుమీదనే ఆధారపడియున్నది. దూరదేశపు అంగడి ఆ పని చేయజాలదు.

యాత్రలో కుక్రీ కొనవద్దని మేము చెప్పుట లేదు. మంచిది దొరకినచో కొనుడు. దానిని గోడకు కాక పనికి పెట్టుడు. తెచ్చిన తరువాత ఒకసారి మీ ఊరి కమ్మరికి చూపుడు. పిడి వదులైనచో అతడు బిగించును. వాదర మడిసినచో సరిచేయును. అతడు దానిని చేతబట్టి తూకము చూచి, మీ తోటకు దీనికంటె తేలికైనది కావలెనని చెప్పినను చెప్పవచ్చును. అప్పుడు మీ కొలతకు ఒక కత్తి చేయించుకొని, దానికి తగిన వెల బేరమాడక ఇండు. వచ్చు దసరా ఆయుధపూజలో ఆ రెండు కత్తులకును ప్రక్కప్రక్కనే కుంకుమ పెట్టవచ్చును.